కట్ట మీద ముగ్గురు

ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు వెలిసిన కొత్తలో అబ్బా నన్ను చూపించడానికి తీసుకెళ్లాడు. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెలుగు వెలుగులంటూ ముప్పైకి పైగా విగ్రహాలను ఆ కట్ట మీద వరసగా నిలిపింది. అబ్బాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. విగ్రహాల ముందు ఆగే అలవాటు మా ఇంట్లో లేదు. తలవంచుకుని నడుస్తున్న మనిషి ఒక్కచోట మాత్రం ఆగాడు. "అప్నా ఆద్మీ హై, బేటా" అన్నాడు. అది మఖ్దూం మొహియుద్దీన్ విగ్రహం.

ఆ 'అప్నా' అన్న మాట నన్నింకా వదల్లేదు. మఖ్దూం ఎవరివాడు? 1908లో మెదక్ జిల్లా అందోలులో పుట్టాడు. ఉర్దూలో రాశాడు. కమ్యూనిస్టు అయి నిజాం రాజ్యం మీదే పోరాడాడు. మరి మాకు 'అప్నా' అయినవాడు తెలుగువాళ్లకు కాకుండా పోతాడా?

కట్ట మీద ముస్లింలు ముగ్గురు. మఖ్దూం, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా. రామదాసు విగ్రహమూ అక్కడే ఉంది. రామదాసును చెరలో పెట్టించినవాడు తానీషా అని బడి పిల్లవాడికి కూడా తెలుసు. ఆ తానీషా కొలువులో అక్కన్న మాదన్నలు ఏలారనీ, 1687లో గోల్కొండను పట్టి తానీషాను దౌలతాబాదు కోటలో బందీ చేసినవాడు ఔరంగజేబనీ ఎందరికి గుర్తు? చెరసాలకు మతం ఉండదు. చరిత్ర చెప్పేవాళ్లు దానికి మతం అంటగడతారు.

అసలు ఆ కట్ట ఎవరిది? 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు అది. ఆయన పేరే హుస్సేన్‌సాగర్. ఇబ్రహీంను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. ఆయన కొలువులోని అమీన్‌ఖానుకే పొన్నెగంటి తెలగన అచ్చతెలుగు 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చాడు. చెరువు తవ్వించినవాడూ, కావ్యం అందుకున్నవాడూ కట్ట మీద లేరు. వాళ్లకూ విగ్రహాలు పెట్టమని నేను అడగను. ఎవరు కట్టిన కట్ట మీద నడుస్తున్నామో తెలుసుకోమంటాను.

2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు శ్రీశ్రీ విగ్రహంతో సహా కొన్ని విగ్రహాలు కూలాయి. శ్రీశ్రీ కూలడం నాకు బాధే. కానీ "ఈ కట్ట మీద మావాళ్లెందరు?" అన్న తెలంగాణ ప్రశ్న నాకు కొత్త కాదు. తలవంచుకుని నడిచిన అబ్బా, నోరు విప్పకుండానే, పాతికేళ్ల ముందు అడిగిన ప్రశ్న అది.

నేను రెండు భాషల్లో రాసి బతికే విలేకరిని. త్యాగరాజ ఉత్సవం గురించి రాస్తే తెలుగు పత్రికలో 'సంస్కృతి' పేజీలో వస్తుంది. ముషాయిరా గురించి రాస్తే 'మైనారిటీ వార్త' అవుతుంది. ఉర్దూ మా ఒక్కరిదే అన్నట్టు! దీవాన్‌గా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' పేరుతో ఉర్దూలో కవిత్వం రాశాడే? 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన నుమాయిష్‌కు వెళ్లేవాళ్లను ఇప్పటికైనా ఎవరైనా మతం అడిగి లోపలికి పంపుతారా?

తప్పు మావైపూ ఉంది. తెలుగు కవి సభ గురించి రాసిచ్చిన వార్తను మా ఉర్దూ పత్రికలో పక్కన పడేశారు. "మనవాళ్లు చదవరు" అన్నారు. ఆ 'మనవాళ్లు' అన్న మాటతోనే రెండు వైపులా గోడలు లేస్తాయి.

అబ్బా ఇప్పుడు లేడు. మొన్న నా కూతుర్ని అదే కట్ట మీదికి తీసుకెళ్లాను. మఖ్దూం దగ్గర ఆగి, "ఈయన ఎవరు అబ్బా?" అని తెలుగులో అడిగింది. "మనవాడు" అన్నాను. ముందుకు నడిచి వేమన దగ్గర ఆగింది. "మరి ఈయన?"

"ఈయనా మనవాడే బేటా" అన్నాను.