కుంగ్‌ఫూ సినిమాల కొండ

హాంకాంగ్‌లో కౌలూన్ తూర్పు కొసన, చోయ్ హంగ్ దగ్గర మొదలయ్యే క్లియర్ వాటర్ బే రోడ్డు కొండ ఎక్కి, అవతలి వైపు సముద్రానికి దిగుతుంది. డైమండ్ హిల్ స్టేషన్ నుంచి 91వ నంబరు బస్సు ఈ దారినే పోతుంది. సెలవు రోజుల్లో దాని నిండా బీచికి పోయే జనమే. దారిలో కొండవాలు మీద ఉన్న పాత స్టూడియో భవనాలను పట్టించుకునేవాళ్లు తక్కువ. 1960ల నుంచి 1980ల నడుమ దాకా దేశదేశాల్లో ఆడిన కుంగ్‌ఫూ సినిమాల్లో పెద్ద భాగం ఈ వాలు మీదే తయారైంది. ఒక్క గెంతులో ఇంటికప్పు ఎక్కే వీరులు, తెల్ల కనుబొమల దుష్ట గురువులు, కడుపులో గొడ్డలి దిగినా పోరు ఆపని కుర్రాళ్లు, అందరి చిరునామా ఇదే.

స్టూడియో కట్టింది షా సోదరులు. పెద్దవాడు రన్‌జే షా 1925లో షాంఘైలో చిత్ర సంస్థ పెట్టాడు. తమ్ముళ్లు రన్‌మే, రన్ రన్ సింగపూర్ చేరి, ఆ ప్రాంతమంతా థియేటర్లు నడిపారు. చేతిలో థియేటర్లున్నవాడికి ఆడించడానికి బొమ్మలు కావాలి. ఆ పని మీదే రన్ రన్ షా 1950ల చివర హాంకాంగ్ వచ్చాడు. క్లియర్ వాటర్ బేలో ప్రభుత్వం నుంచి సుమారు 46 ఎకరాలు కొన్నాడు. అప్పటికది బోడి కొండ. 1961 డిసెంబరులో మూవీటౌన్ తెరుచుకుంది. షూటింగ్ ఫ్లోర్లు, రంగుల ల్యాబు, డబ్బింగ్ గదులు, దుస్తుల గిడ్డంగి, నటన నేర్పే బడి, నటులూ పనివాళ్లూ ఉండే వసతి భవనాలు అన్నీ ఆ ప్రహరీ లోపలే. జీతగాళ్లు వెయ్యిమందికి పైనే. చిన్న వేషగాడి నుంచి పెద్ద హీరో దాకా ఏళ్ల తరబడి ఒప్పందాల మీద నెలజీతానికి పనిచేసేవారు.

ఆ సినిమాల రూపురేఖల్లో సగం ఈ ఏర్పాటు నుంచే వచ్చాయి. ఆవరణలో శాశ్వతంగా కట్టిన పాతకాలపు బజారు వీధి, కోనేటి మీది వంతెన, కోటగోడ ఉండేవి. వాటికే రంగు మార్చి, బోర్డు మార్చి సినిమా తర్వాత సినిమా తీశారు. నాలుగు చూసినవాడు ఐదో దానిలో వంతెన కనిపించగానే గుర్తుపడతాడు. అడవి కూడా ఫ్లోరు లోపలే; చెట్ల వెనక ఆకాశం రంగు వేసిన తెర. అది నిజం ఆకాశమని నమ్మించాలన్న తాపత్రయం ఎవరికీ ఉన్నట్టు కనబడదు. జపాన్ నుంచి ఛాయాగ్రాహకులను రప్పించి, వెడల్పు తెర పద్ధతిని తెచ్చుకుని దానికి షాస్కోప్ అని పేరు పెట్టుకున్నారు. ఆ వెడల్పులో ఎర్ర స్తంభాలు, పసుపు పట్టు బట్టలు, మరీ ఎర్రటి నెత్తురు కలిసి నాటకరంగపు శోభ తెచ్చాయి.

నాటకరంగం అన్నది పోలిక కోసం వేసిన మాట కాదు. ఈ సినిమాల పోరాటాలకు పుట్టిల్లు చైనా సంగీత నాటకమే. పెకింగ్ ఒపేరా బడుల్లో పిల్లలను చిన్నప్పుడే చేర్చుకుని పిల్లిమొగ్గలు, కర్రసాము, కత్తిసాము, పాట కలిపి ఏళ్లకేళ్లు నేర్పేవారు. కొట్టినా తిట్టినా అడిగే దిక్కు లేదు. కౌలూన్‌లో యూ జిమ్ యువెన్ నడిపిన అలాంటి బడిలోనే జాకీ చాన్, సామో హంగ్, యువెన్ బియావ్ పెరిగారు. నాటకాలకు గిరాకీ తగ్గేసరికి ఈ పిల్లలకు సినిమా స్టంట్లే బతుకుదెరువయ్యాయి. వాళ్లతోపాటు నాటకపు లయ కూడా తెరమీదికి వచ్చింది. నాలుగు దెబ్బలు, ఒక్క క్షణం బిగిసి నిలబడటం, మళ్లీ నాలుగు దెబ్బలు. రంగస్థలం మీద తాళాలు, చెక్కలు మోగే చోట సినిమాలో చొక్కా చేతులు కొరడాల్లా చెళ్లుమంటాయి.

ఈ సినిమాల్లోకి వచ్చిన రెండో పాయ అసలైన యుద్ధవిద్య. 1949లో క్వాన్ తక్ హింగ్ కథానాయకుడిగా వాంగ్ ఫెయ్ హంగ్ అనే దక్షిణ చైనా గురువు కథతో కాంటనీస్ సినిమా వచ్చింది. అది పదుల సంఖ్యలో సాగిన వరసకు మొదలు. వాటిలో వేషాలు వేసిన లౌ చామ్ స్వయంగా ఆ గురువుకు ప్రశిష్యుడు. లౌ చామ్ కొడుకు లౌ కార్ లియంగ్ తర్వాత షా స్టూడియోలో ఫైట్ మాస్టరుగా చేరాడు. మాయామంత్రాల పాయ మరొకటుంది. 1964లో వచ్చిన బుద్ధాస్ పామ్ సినిమాల్లో వీరుల అరచేతుల నుంచి కిరణాలు దూసుకొస్తాయి. ఫిల్ము మీద చేత్తో గీసిన గీతలవి. చూసేవాళ్లకు ఆ సంగతి తెలుసు. గీతలు గీతల్లా కనిపించినంత మాత్రాన వాళ్ల ఆనందం తగ్గలేదు.

మూవీటౌన్ ఈ పాయలను కలిపింది. 1966లో కింగ్ హూ తీసిన కమ్ డ్రింక్ విత్ మీలో చెంగ్ పెయ్ పెయ్ కత్తి పట్టింది. ఆమె సత్రంలో కూర్చుని దొంగల ముఠాను ఎదుర్కొనే ఘట్టంలో దెబ్బల కన్నా ఎదురుచూపు ఎక్కువ. ఈ కొండ మీద తీసిన వాటిలో అంత నిబ్బరమైన ఘట్టాలు అరుదు. కింగ్ హూ త్వరలోనే తైవాన్ వెళ్లిపోయాడు. ఆ ఖాళీని ఛాంగ్ చె నింపాడు, పూర్తిగా వేరే రకంగా.

1967 మేలో డైమండ్ హిల్ పక్కనే ఉన్న శాన్ పో కాంగ్‌లో ఒక ప్లాస్టిక్ పూల కర్మాగారం గొడవ నగరమంతా అల్లర్లుగా పాకింది. బాంబులు పేలాయి, కర్ఫ్యూలు నడిచాయి. ఆ వేసవిలోనే ఛాంగ్ చె తీసిన వన్ ఆర్మ్‌డ్ స్వార్డ్స్‌మన్ విడుదలైంది. గురువు కూతురు నరికేస్తే కుడిచెయ్యి పోగొట్టుకున్న పేద శిష్యుడు, సగం కాలిన పుస్తకం, విరిగిన కత్తి ఆధారంగా ఎడమచేత్తో మళ్లీ విద్య సాధిస్తాడు. జిమ్మీ వాంగ్ యూ ఆ వేషం కట్టాడు. పది లక్షల హాంకాంగ్ డాలర్లు వసూలు చేసిన తొలి స్థానిక చిత్రంగా అది పేరు తెచ్చుకుంది. అప్పటి ప్రేక్షకుల్లో ఎక్కువమంది చైనా నుంచి వచ్చి పడ్డవాళ్లు, వాళ్ల పిల్లలు, కర్మాగారాల్లో రోజంతా నిలబడి పనిచేసే యువకులు. వాళ్లకు అమ్ముకోవడానికి ఉన్నది ఒంటి సత్తువ ఒక్కటే. తెరమీది కథ కూడా ఒంటి సత్తువ గురించే. అతిశయం ఎంత ఉన్నా, ఆ కష్టం వాళ్లకు తెలిసినదే.

ఛాంగ్ చె నాయకులు సులభంగా చావరు. 1972 నాటి బాక్సర్ ఫ్రమ్ షాంటుంగ్‌లో కడుపులో దిగిన గొడ్డలితోనే నాయకుడు టీ దుకాణంలో ముఠాతో పోరాడతాడు. వైద్యశాస్త్రం ఒప్పుకోదు, నాటకశాస్త్రం ఒప్పుకుంటుంది. ఇదే దర్శకుడు 1978లో తీసిన ఫైవ్ వెనమ్స్‌లో జెర్రి, పాము, తేలు, బల్లి, కప్ప పేర్లతో ఐదు విద్యలు, ఐదుగురు ముసుగు శిష్యులు. బల్లి విద్య నేర్చినవాడు గోడమీద నిలబడి పోరాడతాడు. కథలో తర్కం వెతికితే చిరుగులే దొరుకుతాయి. వేషాలు కట్టినవాళ్లలో ముగ్గురు మాత్రం తైవాన్ ఒపేరా బడుల్లో రాటుదేలినవాళ్లు. వాళ్ల మొగ్గలు, దూకుళ్లు అబద్ధం కాదు.

ఈ పాత సినిమాల ఆకర్షణకు మూలం ఇదే. చుట్టూ ఉన్నదంతా కల్పన. అతికించిన తెల్లగడ్డం, బట్టతల టోపీ అంచు, వైరు మీద గాల్లో తేలడం, మాట ఆగిపోయాక కూడా కదిలే పెదవులు, ఏదీ దాచరు. ఆ కల్పన నడుమ మనిషి ఒళ్లు మాత్రం నిజంగా పనిచేస్తుంది. కెమెరా వెనక్కి జరిగి తల నుంచి పాదం దాకా చూపిస్తుంది. ఒకే షాటులో పది పన్నెండు ఎత్తులు, పైఎత్తులు తప్పకుండా సాగుతాయి. ఇటీవలి సినిమాల్లో ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన పోరాటాల్లో ఎవరు ఎవరిని కొట్టారో తెలియదు; ఇక్కడ ఆ చిక్కు లేదు.

హంగులకు వెనక కారణాలు చాలా మామూలువి. పాత్ర ముఖం మీదికి చప్పున దూసుకుపోయే జూమ్ ఈ సినిమాల ముద్రగా నిలిచింది. పట్టాలు వేసి కెమెరా తోయడం కన్నా జూమ్ తిప్పడం చవక, తొందరగా అయిపోయే పని. సెకనుకు 24 కన్నా తక్కువ ఫ్రేములతో తీస్తే పోరాటం వేగంగా కనిపిస్తుంది. సెట్టులో మాటలు రికార్డు చేసేవారు కాదు, అంతా తర్వాత డబ్బింగే. అందువల్ల దర్శకుడు షాటు నడుస్తుండగానే కేకలు వేయవచ్చు. షా చిత్రాలు ఎక్కువగా మాండరిన్‌లో ఉండేవి. ఊళ్లో జనం మాట్లాడేది కాంటనీస్. అంటే పక్కవీధి ప్రేక్షకుడు కూడా అడుగున వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూసేవాడు. మాటా పెదవీ కలవకపోవడం విదేశీయులకే కొత్త.

కొండ కింద పోటీ 1970లో మొదలైంది. షా సంస్థలో పెద్ద ఉద్యోగి రేమండ్ చౌ బయటికొచ్చి గోల్డెన్ హార్వెస్ట్ పెట్టాడు. దాని స్టూడియో డైమండ్ హిల్ పక్కన హామర్ హిల్ రోడ్డులో నడిచింది. బ్రూస్ లీ చేరింది అక్కడే. 1971లో ది బిగ్ బాస్, 1972లో ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ వచ్చి పాత వసూళ్ల లెక్కలను తుడిచేశాయి. 1973 జులై 20న 32 ఏళ్లకే బ్రూస్ లీ చనిపోయాడు. ఎంటర్ ది డ్రాగన్ ఆ తర్వాతే విడుదలైంది. బ్రూస్ లీ దెబ్బ పొట్టిది, నేరుగా తగిలేది. అతని పక్కన షా వీరుల కొలత తప్పని విన్యాసాలు పాతబడినట్టు కనిపించాయి.

దానికి సమాధానం లౌ కార్ లియంగ్ దగ్గర దొరికింది. 1975లో దర్శకుడైన ఇతడు పగ కన్నా సాధనను కథకు కేంద్రం చేశాడు. 1978 నాటి ది థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్‌లో సగానికి సగం అభ్యాసమే. మోచేతులు దించితే గుచ్చుకునేలా కత్తులు కట్టుకుని నీళ్లు మోయడం, ఇసుక బస్తాలను తలతో ఢీకొట్టడం, తల కదపకుండా కదిలే దీపాన్ని కళ్లతో వెంబడించడం. గోర్డన్ లియు ముఖంలో విసుగు, మొండితనం, చివరికి కుదిరిన శాంతం వరసగా కనిపిస్తాయి. ఆ తర్వాత వచ్చే పగ తీర్చుకునే భాగం హడావుడిగా ముగుస్తుంది. మళ్లీ చూసేవాళ్లు ఆ అభ్యాసం కోసమే చూస్తారు. 1977లో ఇదే దర్శకుడి ఎగ్జిక్యూషనర్స్ ఫ్రమ్ షావోలిన్‌లో తెల్ల కనుబొమల దుష్ట గురువు పై మెయ్, తన మర్మస్థానం మీద తగలబోయిన కాలును తొడల మధ్య ఇరికించుకుని, ప్రత్యర్థిని మెట్లమీద ఈడ్చుకుపోతాడు. నవ్వు, భయం ఒకేసారి పుట్టించిన ఘట్టమది.

1983 జులైలో అలెగ్జాండర్ ఫూ షెంగ్ ఈ క్లియర్ వాటర్ బే రోడ్డు మీదే కారు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి 28 ఏళ్లు. లౌ కార్ లియంగ్ తీస్తున్న ఎయిట్ డయాగ్రమ్ పోల్ ఫైటర్ సగంలో ఉంది. కథ మార్చి పూర్తి చేశారు. 1984లో విడుదలైన ఆ సినిమా చివర శవపేటికల గుట్ట మధ్య జరిగే కర్రల పోరాటం, స్టూడియో చేసిన పనుల్లో మెరుగైన వాటిలో ఒకటి. అదే రోజుల్లో వచ్చిన కొన్ని మంత్రాల సినిమాల్లో లేజరు వెలుగులు, పొగ నిండిపోయి ఒళ్లు కనిపించడం తగ్గింది. అవి కళ్లకు జాతరే గాని, అరగంటకే అలసట.

దేశాలు దాటిన కథ 1973 వసంతంలో మొదలవుతుంది. లో లియె నటించిన కింగ్ బాక్సర్‌ను వార్నర్ సంస్థ ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్ పేరుతో అమెరికాలో విడుదల చేసింది. పెద్ద నగరాల్లో నల్లజాతి యువకులు ఈ సినిమాలను తమవి చేసుకున్నారు. 1993లో న్యూయార్క్ ర్యాప్ బృందం వూ టాంగ్ క్లాన్ తొలి ఆల్బమ్ పేరులో ఆ షావోలిన్ సినిమాలోని 36 గదులు (ఛాంబర్లు) చేరాయి. క్వెంటిన్ టరాంటినో 2003లో కిల్ బిల్‌ను షాస్కోప్ ముద్రతోనే మొదలుపెట్టాడు. రెండో భాగంలో గోర్డన్ లియుకే పై మెయ్ వేషం ఇచ్చాడు.

తెలుగు ఊళ్లకు బ్రూస్ లీ ముందు చేరాడు, మిగతావాళ్లు వెనక వచ్చారు. సుమన్, భానుచందర్ లాంటి నటులకు కరాటే విద్య గుర్తింపు తెచ్చింది. విఠలాచార్య జానపదాల్లో కాంతారావు కత్తియుద్ధాలు, నడిచే అస్థిపంజరాలు చూసి పెరిగిన ప్రేక్షకుడికి, అట్ట గుహ అట్టలా కనిపిస్తే రసభంగం కాదు.

1980ల నడుమ షా సంస్థ సినిమాలు తీయడం దాదాపు ఆపేసి, ఆవరణను టీవీబీ టెలివిజన్‌కు అప్పగించింది. 2003లో టీవీబీ కూడా చుంగ్ క్వాన్ ఓలోని కొత్త భవనాలకు మారింది. రన్ రన్ షా 2014 జనవరి 7న, నూరేళ్లు దాటిన వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆవరణకు గ్రేడ్ 1 చారిత్రక హోదా దక్కింది. స్థలాన్ని నివాస భవనాలకు మార్చే ప్రతిపాదనలు మాత్రం ఆగలేదు. సుమారు 760 చిత్రాల హక్కులు 2000లో సెలెస్టియల్ పిక్చర్స్ చేతికి వెళ్లాయి. 2002 నుంచి శుభ్రం చేసిన ప్రతులు డిస్కుల మీద వచ్చాయి. బొమ్మ తేటగా ఉన్నా, కొన్నింటిలో పాత దెబ్బల చప్పుళ్ల మీద కొత్త చప్పుళ్లు చేర్చారని అభిమానులు గొణిగారు. కొత్తవి నచ్చనివాళ్లు ఇప్పటికీ గీతలు పడ్డ పాత ప్రతుల కోసమే వెతుకుతారు.