దీమము: మృగాన్ని రప్పించి పట్టే వేట

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం దగ్గర పర్ణశాల ఉంది. 1959 వరకు ఈ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. మాయలేడి కథ ఇక్కడే జరిగిందని స్థానికుల నమ్మకం. ఆ కథను ఒకసారి వేట దృష్టితో చూడండి. మారీచుడు మొదట రూపంతో రాముణ్ణి ఆకర్షించాడు. బాణం తగిలాక రాముని గొంతుతో కేకవేసి లక్ష్మణుణ్ణి కదిలించాడు. మృగాన్ని మోసగించడానికి వేటగాడు వాడే రెండు సాధనాలు రూపం, ధ్వని. ఇక్కడ అవే మృగం వశమై వేటగాణ్ణి మోసగించాయి. ఈ తలకిందుల అమరిక విన్నవారికి వెంటనే అర్థమైందంటే, ఎర చూపి రప్పించే వేట వారికి తెలిసే ఉండాలి.

ఆ వేటకు తెలుగులో ఒక మాట ఉంది: దీమము. అడవి మృగాన్ని రప్పించడానికి వేటగాడు వాడే పెంపుడు మృగమో, పక్షో అని దాని అర్థం. ఒకసారి తరగతిలో ఈ మాటకు అర్థం అడిగితే అందరూ 'ధీమా' అనుకున్నారు. మాట నిఘంటువుల్లో మిగిలింది, పని మరుగున పడింది.

పెంపుడు జింకతో అడవి జింకను రప్పించే పద్ధతిని కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో చూడవచ్చు. అతని తండ్రి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో వేంగి కొన్నేళ్లు ఆ వంశం ఏలుబడిలో ఉంది. అందువల్ల ఆ గ్రంథాన్ని మనకు మరీ పరాయిదిగా భావించనక్కరలేదు. అయితే అది రాజవినోదాల గ్రంథమన్న సంగతి విద్యార్థులు మరువరాదు. అందులో వేట రాజుది. జింకను మచ్చిక చేసి, నెలల తరబడి మేపి, మనిషి వాసనకు అలవాటు చేసినవాడి పేరు అందులో లేదు.

ఈ పద్ధతిని స్పష్టంగా వివరించినవాడు అబుల్ ఫజల్. ఐన్-ఇ-అక్బరీ ప్రకారం పెంపుడు జింక కొమ్ములకు వల కట్టి అడవి జింక మీదికి వదులుతారు. రెండూ తలపడినప్పుడు అడవి జింక కొమ్మో, కాలో, చెవో వలలో చిక్కుకుంటుంది. పొంచి ఉన్నవారు పరుగున వచ్చి పట్టుకుంటారు. మరో పద్ధతిలో దీపాన్ని బుట్ట చాటున పెట్టి చిరుగంటలు మోగిస్తారు. వెలుగుకూ సవ్వడికీ దగ్గరకు వచ్చిన మృగాలను చాటునుంచి కొడతారు. పాటపాడి రప్పించడమూ ఉండేది. చివరి రెండింటినీ అక్బరు ఇష్టపడలేదని కూడా అబుల్ ఫజల్ రాశాడు. చీతాలతో జింకలను పట్టించిన చక్రవర్తికి పాటతో చంపడం తప్పుగా తోచిందన్నమాట!

ఈ ఉపాయం వెనుక ఉన్నది జంతు స్వభావ జ్ఞానం. కృష్ణజింకల్లో మగదాన్ని ఇర్రి అంటారు. జతకట్టే కాలంలో ఇర్రి కొంత నేలను తనదిగా చేసుకుని, అక్కడికి వచ్చిన మరో ఇర్రిని తరిమికొడుతుంది. కొమ్ములకు వల కట్టిన పెంపుడు ఇర్రి దాని కంటికి ఎర కాదు, పోటీదారు. ఉత్తర అమెరికాలో తెల్లతోక జింకల వేటగాళ్లు రాలిన కొమ్ములను ఒకదానితో ఒకటి తాటించి, రెండు మగజింకలు పోరాడుతున్న భ్రమ కల్పిస్తారు. సూత్రం ఒకటే. అక్కడ చప్పుడు చేసే పనిని ఇక్కడ బతికున్న జింక చేసింది. కృష్ణజింక కొమ్ములు ఏటా రాలవు, దుప్పి, కణితి కొమ్ములు రాలతాయన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి.

మన్యంలోని చైత్రమాసపు వేట పండుగల గురించి వలస పాలన కాలపు రచనల్లో చదువుతాం. ఊరంతా కదిలి మృగాలను తోలే వేట అది. అందరికీ కనబడేది కాబట్టి రికార్డులకెక్కింది. పొద మాటున ఒంటరిగా కూర్చుని కూతపెట్టే మనిషిని ఏ అధికారి చూస్తాడు?

1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో వేటను, వలలు, ఉచ్చులు పెట్టడాన్ని నిబంధనల కిందికి తెచ్చింది. 1879-80 నాటి రంప తిరుగుబాటు అప్పటికే ముగిసింది. దానికి ప్రధాన కారణాలు కల్లుపన్ను, ముఠాదారీ వివాదాలు. కాబట్టి వేట నిషేధమే మన్యాన్ని రగిలించిందని పరీక్షల్లో రాసే వాక్యం తప్పు. 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అటవీ ఆంక్షల బరువు స్పష్టంగా కనిపిస్తుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. చంపడమే కాదు, ఎర చూపడమూ, అందుకు ప్రయత్నించడమూ ఆ చట్టం దృష్టిలో వేటే. కృష్ణజింక అందులో మొదటి షెడ్యూలులో ఉంది. ధవళేశ్వరం పరిసరాల గోదావరి లంకల్లో నేటికీ కృష్ణజింకలున్నాయి, వరదలొస్తే వాటి ప్రాణానికే ముప్పు. ఈ స్థితిలో నిషేధం అవసరమనే నా అభిప్రాయం. కానీ దానివల్ల చరిత్రకారునికి ఒక చిక్కు వచ్చిపడింది. ఏ కూతకు ఏ మృగం వస్తుందో తెలిసిన వృద్ధుడు ఆ మాట చెబితే నేరం ఒప్పుకున్నట్టవుతుందని భయపడతాడు.

మౌఖిక చరిత్ర ప్రాజెక్టుకు రంపచోడవరం వైపు వెళ్లే విద్యార్థులు ఈ భయాన్ని గుర్తించాలి. ఎవరు వేటాడారని అడగకండి. కూతల పేర్లు అడగండి, ఏ నెలలో ఏ మృగం ఎలా అరుస్తుందో అడగండి. చెప్పినవారి పేరు, ఊరు నోట్సులో రాయకండి.