లిసియా తీరపు నడకదారి



కాలినడకను యాత్ర చేయుట మనకు క్రొత్త కాదు. కాశికి నడచిపోయి వచ్చినవారి ముచ్చటలు మన పెద్దలు చెప్పగా వినియున్నాము. దైవదర్శనమునకు గాక, గతించిన యొక జాతి శిథిలములను చూచుటకై జనులు నడచు దారి యొకటి కలదు. నేడు దానిని గూర్చి చెప్పదలచితిని.

టర్కీ దేశపు దక్షిణభాగమున, మధ్యధరా సముద్రతీరమున, పూర్వము లిసియా యను సీమ యుండెను. ఒక వంక సముద్రము, మరియొక వంక టారస్ పర్వతములు, నడుమ ఇరుకైన లోయలు. ఆ లోయలలోని పురాతన పట్టణములను కలుపుచు, రోమనుల నాటి బాటలను, కంచరగాడిదల త్రోవలను, మేకల కాపరుల కాలిబాటలను వెదకి, కేట్ క్లో అను ఆంగ్లేయ వనిత 1999లో ఈ దారిని ఏర్పరచెను. ఫెతియే పట్టణ సమీపమున మొదలై అంటాలియా దిక్కునకు సాగు నీ దారి పొడవు 500 కిలోమీటర్లకు పైబడినది. బాటసారికి త్రోవ తప్పకుండ రాళ్లపై ఎరుపు తెలుపు చారలు గీచియున్నారు. తుదిముట్ట నడచుటకు సుమారు నెలదినములు పట్టును.

ఈ దారిని పోవువారికి పలుచోట్ల కొండచరియలలో తొలిచిన సమాధులు కనబడును. వానియందు దూలములు, వాసములు, తలుపు చట్రములు అచ్చముగా కొయ్యపనివలెనే రాతిలో చెక్కబడినవి. ఆ కాలపు కొయ్యయిండ్లు నశించినను వాని రూపు రాతిలో నిలిచినది. గుంటుపల్లి గుహాచైత్యమున లోకప్పునకు రాతివాసములు తీర్చిన మన శిల్పుల పని చూచినవారికి ఇది వింతగా తోచదు.

లిసియా పట్టణములలో మిక్కిలి పేరుగన్నది జాంథస్. క్రీ.పూ. 540 ప్రాంతమున పారశీక సేనాని హార్పగస్ దానిపై దండెత్తెను. శత్రువులు పెక్కుమంది, పౌరులు కొలదిమంది. గెలుపు లేదని తెలిసి, వారు ఆలుబిడ్డలను, ధనమును కోటలో నుంచి నిప్పుపెట్టి, వెలుపలికి వచ్చి పోరాడి కడవానివరకు మడిసిరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసెను. ఆ సమయమున ఊర లేని యెనుబది కుటుంబములు మాత్రము మిగిలెనట. క్రీ.పూ. 42లో రోమను సేనాని బ్రూటస్ ముట్టడించినపుడు ఆ పట్టణమువారు మరల అట్లే చేసిరి. ఆ మంటలను చూచి బ్రూటస్ కన్నీరు పెట్టెనని ప్లూటార్క్ చెప్పెను. పొరుగుననున్న పతారా మాత్రము, బ్రూటస్ విడిచిపెట్టిన స్త్రీల మాట విని, లొంగి బ్రతికెను. వీరిలో ఎవరు చేసినది సరియని తీర్పు చెప్పుట సులభము కాదు. మానమునకు ప్రాణమిచ్చినవారిని మెచ్చుకొందుము. ఆ మంటలలో పోయిన పసిబిడ్డలను తలచినపుడు మనసు కలగును.

అయినను లిసియా లోకమునకు ఇచ్చినది ఈ శౌర్యము మాత్రమే కాదు. అచ్చటి యిరువది మూడు పట్టణములు ఒక సమాఖ్యగా ఏర్పడెను. స్ట్రాబో అను భూగోళవేత్త దాని కట్టుబాటును వివరించెను. సభయందు పెద్ద పట్టణమునకు మూడు ఓట్లు, నడిమిదానికి రెండు, చిన్నదానికి ఒకటి. పన్నులును, తక్కిన భారములును ఆ పాలుననే పంచుకొనవలెను. అధికారము హెచ్చుగ కోరువాడు భారమును హెచ్చుగ మోయవలెననుట ఇందలి న్యాయము. ఊరి కట్టుబాట్లు నడపిన పెద్దలకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఫ్రాన్సుదేశపు మాంటెస్క్యూ 1748లో ఈ సమాఖ్యను కొనియాడెను. 1787లో అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు హామిల్టన్ దానిని ఉదాహరించెను. ఆ సభ కూడిన మందిరము పతారాలో నేటికిని కలదు. ఇటీవల దానిని పునరుద్ధరించిరి.

పతారా ఒకనాడు గొప్ప రేవు. నది తెచ్చిన మట్టితోను, గాలి తెచ్చిన యిసుకతోను అది పూడిపోయెను. క్రీ.శ. 46లో అచ్చట నెలకొల్పిన శిలాస్తంభముపై పట్టణమునకు పట్టణమునకు గల దూరములు చెక్కబడినవి. 1244లో కాకతి గణపతిదేవుడు ఓడవర్తకులకు అభయమిచ్చి వేయించిన శాసనము గల మన మోటుపల్లియు, రేవు పోయి రాయి మిగిలిన చోటే గదా!

మరియొక సంగతి. జాంథస్ శిల్పములను చార్లెస్ ఫెలోస్ అను ఆంగ్లేయుడు 1840 తరువాతి యేండ్లలో లండనునకు తరలించెను. అవి నేడు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మన అమరావతి స్తూపపు పలకలు కొన్నియు ఆ భవనముననే యున్నవి. అమరావతిలో తరలిపోయినవాని మాట అటుంచి, పరాయివాడు రాకమునుపే మనవారు ఇండ్లకును మెట్లకును వాడుకొనిన పలకలెన్నియో కలవు. 1988లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడిన జాంథస్‌ను చూచుటకు నేడు దూరదేశములవారు ఎండలో నడచి పోవుచున్నారు. త్రోవలోని పల్లెవారు వారికి తిండియు బసయు నిచ్చి కొంత ఆదాయము పొందుచున్నారు.

కావున పెద్దలకు నా విన్నపము. మీ చెరువుగట్టున, గుడి వెనుక, పొలము నడుమ అక్షరములు గల రాయి యున్నయెడల దానిని మెట్టుగా పరవనీయకుడు, దానిపై బట్టలుతుకనీయకుడు. పురావస్తుశాఖవారికి తెలుపుడు. ఊరి పిల్లలను తోడ్కొనిపోయి, అది ఎవరు వేయించినదో, ఏమి చెప్పుచున్నదో వారికి చూపుడు.