నిజాం క్రెడిట్ లిమిట్ ఎవరు పెంచారు?

ఈరోజు పాతబస్తీలో ఉన్నా. బహదూర్‌పురా వైపు వెళ్తుంటే చందూలాల్ బారాదరి అని ఒక ఏరియా వస్తుంది కదా, అక్కడ చాయ్ హోటల్ ముందు నిలబడి మాట్లాడుతున్నా. వెనక హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి.

పోయిన వారం ఇదే హోటల్‌లో కూర్చుంటే ఫోన్ వచ్చింది. "సార్, మీ కార్డు లిమిట్ 80 వేల నుంచి 3 లక్షలకు పెంచుతున్నాం, ఇప్పుడే ఓటీపీ వచ్చి ఉంటుంది, ఒకసారి చెప్పండి." నేను బీటెక్ చదివినోణ్ణి, ఆఫీసులో లాగిన్ పేజీలకు కోడ్ రాసినోణ్ణి. అయినా మొదటి రెండు అంకెలు నోటి దాకా వచ్చేశాయి. మెసేజ్ పూర్తిగా చదివితే లిమిట్ మాటే లేదు. ఏదో షాపులో 48 వేల కొనుగోలుకు ఓటీపీ అది. ఫోన్ పెట్టేసి తలెత్తితే ఎదురుగా షాపు బోర్డు మీద "చందూలాల్ బారాదరి" అని ఉంది. నవ్వొచ్చింది. ఎందుకంటే 200 ఏళ్ల కింద హైదరాబాద్ రాజ్యం మొత్తానికి ఓటీపీ చెప్పిన పెద్దమనిషి ఆయనే.

కథ 1814లో మొదలవుతుంది. విలియం పామర్ అని ఒకాయన. తండ్రి ఈస్టిండియా కంపెనీలో జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. నిజాం సైన్యంలో పనిచేసి, బయటికొచ్చి "పామర్ అండ్ కంపెనీ" అని వడ్డీ వ్యాపారం పెట్టాడు. గుజరాతీ సాహుకారు బంకటీదాస్ భాగస్వామి. అడ్డా కోఠీలో, బ్రిటిష్ రెసిడెన్సీ దగ్గర్లోనే.

అప్పుడు గద్దె మీద ఉన్నది సికందర్ జా, మూడో నిజాం. ఆయన కోటలోంచి బయటికి రావడమే తక్కువ. దివాన్ మునీర్ ఉల్ ముల్క్ పేరుకే. సంతకాలు, లెక్కలు, డబ్బు అంతా పేష్కార్ రాజా చందూలాల్ చేతిలో. ఇంకో పక్క రెసిడెంట్ హెన్రీ రసెల్ నిజాం ఖర్చుతోనే, ఇంగ్లీషు ఆఫీసర్ల కింద ఒక సైన్యం పెంచుతున్నాడు. దానికి ప్రతి నెలా జీతాలు పడాలి. ఖజానాలో చూస్తే డబ్బు లేదు. చందూలాల్ పామర్ తలుపు తట్టాడు.

వడ్డీ ఏడాదికి 25 శాతం దాకా. "అమ్మో" అనకండి, మన క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టకపోతే చాలా బ్యాంకులు నెలకు మూడున్నర శాతం దాకా వేస్తాయి. అంటే ఏడాదికి 42. పామరే నయం! పైగా పామర్‌కి ఆటో డెబిట్ కూడా ఉంది. అప్పుకు పూచీగా కొన్ని జిల్లాల శిస్తు వసూలే రాసిచ్చేశారు. రైతు కట్టిన డబ్బు ఖజానా ముఖం చూడకుండా నేరుగా అప్పుల ఖాతాలోకి పోయేది. వసూలు కోసం రైతు మీద ఒత్తిడి ఎంత పడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

నిజానికి ఇలాంటి వాటికి సెక్యూరిటీ లేయర్ ఒకటి ఉంది. బ్రిటిష్ వాళ్లు ఎవరూ గవర్నర్ జనరల్ అనుమతి లేకుండా మన రాజులకు అప్పులివ్వొద్దని 1797లోనే వాళ్ల పార్లమెంటు చట్టం చేసింది. అంటే టూ ఫ్యాక్టర్ అన్నమాట. ఇటు నిజాం సర్కార్ సంతకం, అటు కలకత్తా అనుమతి. పేపర్ మీద డిజైన్ బాగుంది. కానీ 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పామర్‌కి అనుమతి ఇచ్చేశాడు. పామర్ కంపెనీలో ఇంకో భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. ఆయన భార్య హేస్టింగ్స్ పెంపకంలో పెరిగిన అమ్మాయి. రెసిడెన్సీ ఉద్యోగులు కొందరికి కూడా ఈ కంపెనీలో వాటాలు ఉన్నాయి. అప్పిచ్చేవాడు, అనుమతిచ్చేవాడు, కాపలా కాసేవాడు ఒకే పెళ్లి భోజనంలో పక్కపక్కన కూర్చునే మనుషులు. లాక్ రెండుంటే ఏం లాభం, తాళం చెవులు రెండూ ఒకే జేబులో ఉంటే?

1820లో లిమిట్ పెంచారు. ఏకంగా 60 లక్షల కొత్త అప్పు. పాత బాకీలు తీర్చడానికి, రాజ్యాన్ని చక్కబెట్టడానికి అని కారణం చెప్పారు. కలకత్తా కౌన్సిల్లో అభ్యంతరాలు వచ్చినా హేస్టింగ్స్ ఓకే చేశాడు. అదే ఏడాది చివర్లో రెసిడెంట్‌గా చార్లెస్ మెట్‌కాఫ్ వచ్చాడు. ఈయన మన భాషలో చెప్పాలంటే స్టేట్‌మెంట్ లైన్ లైన్‌గా చదివే టైపు. ఆయన తవ్వి తీస్తే బయటపడింది ఏంటంటే, ఆ 60 లక్షల్లో కొత్త డబ్బు ఎక్కడా లేదు. చాలావరకు పాత బాకీకే కొత్త పేరు. అందులో దాదాపు 8 లక్షలు భాగస్వాములకు బోనస్. లిమిట్ పెరిగింది, చేతికి వచ్చింది మాత్రం బాకీయే.

ఇప్పుడు మన కోస్తా వాళ్లకు తెలియాల్సిన సంగతి. ఉత్తర సర్కారులు, అంటే ఇప్పటి శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా తీరం, అప్పటికే కంపెనీ చేతిలో ఉంది. దానికి బదులుగా కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షలు పేష్కష్ కట్టాలి. 1823లో పామర్ అప్పు తీర్చడానికి ఆ పేష్కష్‌నే శాశ్వతంగా వదులుకున్నారు. కంపెనీ ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలు ఇచ్చేసింది.

క్యాలిక్యులేటర్ తీయండి. 16 ఏళ్ల 8 నెలల ఆదాయం అది. 6 శాతం చొప్పున లెక్కగట్టారు. ఇంజనీర్‌గా ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 25 శాతం అప్పు తీర్చడానికి 6 శాతం ఆస్తి అమ్మడం లెక్క ప్రకారం తప్పేం కాదు, నేనైనా అదే చేస్తానేమో. తప్పు అంతకుముందే జరిగిపోయింది. ఇంకోటి, ఆ ఆస్తిని ఒక్కసారే అమ్మగలం. సైన్యం ఖర్చు మాత్రం ఆగలేదు. 1853కి మళ్లీ బాకీ పేరుకుపోయి, ఈసారి బేరార్ పోయింది.

పామర్ కంపెనీ 1824లో కుప్పకూలింది. అందులో డబ్బు దాచుకున్నవాళ్లూ మునిగారు. పామర్ మాత్రం హైదరాబాద్‌లోనే ఉండి 1867 దాకా బతికాడు. చందూలాల్‌కి ఏమైంది అంటారా? ఏమీ కాలేదు. 1843 దాకా అదే కుర్చీ. ఉర్దూలో "షాదాన్" పేరుతో కవిత్వం కూడా రాసుకున్నాడు. అందరూ ఆయన్ని విలన్ అంటారు, నాకు పూర్తిగా అలా అనిపించదు. రెసిడెంట్ నెలనెలా జీతాలు అడుగుతుంటే "లేదు" అనే ధైర్యం ఆ కుర్చీలో ఎవరికి ఉండేది?

మనకు ఆ ఇబ్బంది లేదు. మన స్పష్టమైన అంగీకారం లేకుండా కార్డు లిమిట్ పెంచకూడదని 2022లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన రూల్స్‌లోనే ఉంది. లిమిట్ కావాలంటే బ్యాంక్ యాప్‌లోకి మనమే వెళ్లి అడుగుతాం, ఎవడో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే పెరిగేది వాడి లిమిట్. పొరపాటున చెప్పేస్తే వెంటనే కార్డు బ్లాక్ చేసి 1930కి కాల్ చేయండి. సిగ్గుపడి రాత్రంతా కూర్చోవద్దు, అక్కడ ప్రతి నిమిషం లెక్కే.

నా సంగతంటారా, నా లిమిట్ ఇంకా 80 వేలే. చాయ్ డబ్బులు క్యాష్ ఇచ్చేశా. బేరార్ పోయిన పది రోజులకే 24 ఏళ్ల కుర్రాడు ఒకడు దివాన్ అయ్యాడు, సాలార్ జంగ్. ఖాళీ ఖజానాతో వాడేం చేశాడో వచ్చే ఎపిసోడ్‌లో, దివాన్ దేవిడి దగ్గర్నుంచి చెప్తా.