దారియో మత్స్యము: తొట్టియందు కుదురుకొనుట, మేతకు అలవడుట

దారియో దారియో యను శాస్త్రీయనామముగల యెఱ్ఱని చిఱుచేప, బ్రహ్మపుత్రకు నీరందించు ఉత్తర వంగ, అస్సాము ప్రాంతముల సెలయేళ్లలో, నీటిమొక్కలు దట్టముగా పెరిగిన ఒడ్డులను ఆశ్రయించి జీవించును. మగచేప నిడివి 2 సెంటీమీటర్లకు మించుట యరుదు; దాని మేనిపై ఎఱుపు పట్టెలును, రెక్కల యంచులయందు నీలిచ్ఛాయగల తెలుపును శోభిల్లుచుండును. ఆడుది మఱింత చిన్నది, రంగులేనిది. స్కాట్లండు దేశీయుడగు వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్, గంగానదీ మత్స్యములను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని లాబ్రస్ దారియో యను పేర వర్ణించెను. 2002లో కుల్లాండర్, బ్రిట్జ్ అను శాస్త్రజ్ఞులు దీనికై దారియో యను ప్రత్యేక ప్రజాతిని ఏర్పఱచిరి. రంగుచేపల దుకాణములలో దీనిని స్కార్లెట్ బాడిస్ అందురు.

క్రొత్త తొట్టిలో విడిచిన యీ చేప మొదటి దినములలో రంగు కోల్పోయి, మూల కొదిగి, మేత వేసినను మూతి కదపకుండుట చూచి, తెచ్చినవారు దానికి రోగము తగిలినదనియో, అది మొండిదనియో తలంతురు. రెండును గావు. వలలో పడుట మొదలు సంచిలో ప్రయాణము, దుకాణపు తొట్టిలోని రద్దీ వఱకు పడిన బాధవలన దేహమున కార్టిసాల్ వంటి హార్మోనులు పెచ్చుపెరిగి ఆకలిని అణచివేయుట ఒక కారణము. పొంచియుండి, కదలెడు ప్రాణిని కనిపెట్టి పట్టుకొను స్వభావముగల యీ చేప, నీటిపై తేలెడు పొడిమేతను ఆహారముగా గుర్తింపనే గుర్తింపకుండుట రెండవ కారణము. భయము తీఱకమునుపు మేత మార్చి మార్చి వేయుటవలన నీరు చెడుటయేగాని ఫలమేమియు లేదు.

తొట్టి చేపకంటె ముందే సిద్ధమై యుండవలెను. చేపల విసర్జనమునుండి వెలువడు అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు ఫిల్టరునందు నెలకొనుటకు సామాన్యముగా 4 నుండి 6 వారములు పట్టును. గాలిపంపుతో మెల్లగా పనిచేయు స్పాంజి ఫిల్టరు దీనికి చాలును. ఉరవడిగల ప్రవాహము పనికిరాదు. కుళాయినీటికి క్లోరిను విఱుగుడు మందు కలిపియే వాడవలెను.

సంచిని విప్పు ఘట్టమున పొరపాట్లు మెండు. విప్పక మునుపు దానిని తొట్టినీటిపై 15, 20 నిమిషములు తేల్చినచో రెండు నీళ్ల వెచ్చదనము సమానమగును. మూసిన సంచిలో చేప శ్వాసించుటచే బొగ్గుపులుసు వాయువు కూడుకొని నీటికి ఆమ్లత్వము కలుగును. ఆ స్థితిలో అమ్మోనియా చాలవఱకు అమ్మోనియము రూపమున, అంతగా హానిచేయక యుండును. సంచి విప్పగనే ఆ వాయువు వెలికిపోయి, ఆమ్లత్వము తగ్గి, అమ్మోనియము మరల విషమైన అమ్మోనియాగా మాఱును. కావున దూరమునుండి వచ్చిన సంచిని విప్పి, గంటలకొలది బొట్టు బొట్టుగా క్రొత్తనీరు కలుపుచుండుట మేలు తలంచి కీడు చేయుట యగును. కొలదిసేపటిలో పని ముగించి, చేపను మాత్రము మెత్తని వలతో తీసి తొట్టిలో విడిచి, సంచినీటిని పాఱబోయవలెను.

ఆ దినమంతయు దీపము వెలిగింపరాదు. దాగుటకు తావులు హెచ్చైనచో చేప కంటబడదని సందేహించి, తొట్టిని బోసిగా నుంచువారు కలరు. జరుగునది దీనికి విపర్యయము. అడుగడుగున చాటు కలదని తెలిసిన చేపయే ధైర్యముగ బయట తిరుగాడును. జావా నాచు గుబురులు, మట్టికుండ పెంకులు, ఎండి రాలిన బాదమాకులు ఇందుకు మిక్కిలి తగినవి. తొట్టి వెనుకభాగమునకు నల్లకాగితము అంటించుటయు మంచిదే. చురుకైన యితర చేపలను చేర్చినచో ఇది నోరు తెఱచులోపల అవి మేతను కాజేయును. అంగళ్లలో వచ్చునవి చాలవఱకు మగవియే. అవి తమతమ హద్దులకై కలహించును గనుక, చిన్నతొట్టిలో రెండు మగచేపలున్నచో బలహీనమైనది ఆకటనే కృశించును.

మఱునాడో, మూడవనాడో మేతకు పూనుకొనవచ్చును. ఆర్టీమియా యను ఉప్పునీటి చిఱురొయ్యల డింభకము లన్నిటికంటె శ్రేష్ఠములు. లీటరు నీటికి సుమారు 25 గ్రాముల ఉప్పు కలిపి, గాలి ఆడించుచు, 26–28 డిగ్రీల వెచ్చదనమున ఉంచిన గ్రుడ్లు ఒకటి, ఒకటిన్నర దినములో పొదుగును. డింభకములు వెలుతురువైపు చేరునవి యగుటచే, సీసాకు ఒకప్రక్క దీపముంచి వానిని సులభముగ ప్రోగుచేసి, పలుచని గుడ్డలో వడకట్టి, మంచినీట కడిగి, ఇంకుఫిల్లరుతో చేప దాగిన చోటికి చేరువగా మెల్లగ విడువవలెను. అవి మంచినీటియందును కొన్ని గంటలు కదలుచునే యుండును. ఆ కదలికయే చేపను పిలుచును. మొదట కన్ను మాత్రము త్రిప్పి చూచి, పిదప దేహమును వంచి, చటుక్కున ఒకదానిని అందుకొనుట చూచినవాని సంతోషము ఇంతింతనరానిది. తిన్నదో లేదో తెలియవలెనన్న ప్రక్కనుండి కడుపు చూడవలెను. నిండిన కడుపు నారింజవన్నెతో గుండ్రమై యుండును, లోనికి క్రుంగినచో ఆకలి యని యెఱుంగవలెను. డాఫ్నియా యను నీటిఈగలు, మైక్రోవర్ములను సన్నని పురుగులు, దోమల లేబ్రాయపు డింభకములు తదుపరి మేతలు. ఎఱ్ఱని రక్తపు పురుగులు, ట్యూబిఫెక్సు మాత్రమే పెట్టినచో చేప క్రొవ్వి రోగములపాలగును.

పొడిమేతను ఏనాడును ముట్టని చేపలే హెచ్చు. కావున పెరటి కుండీలోనైన డాఫ్నియాను పెంచుకొను వీలులేనివారు దీనిని తెచ్చుకొనకుండుట మేలు. 18 నుండి 25 డిగ్రీల చల్లని నీటికి అలవడిన యీ ప్రాణికి తెలుగునాట వేసవి కఠినపరీక్ష. ఏప్రిల్, మే మాసములలో ఇంటిలోని తొట్టినీరు సైతము 30 డిగ్రీలు దాటును. మూత స్థానమున సన్ననివల పఱచి, నీటిపైకి చిన్న ఫ్యాను త్రిప్పినచో, ఆవిరియగుటచే రెండు మూడు డిగ్రీలు తగ్గును. క్రొత్తచేపను తెచ్చుటకు కార్తికము మొదలు మాఘము వఱకు అనువైన కాలము.