కామెంటరీ చెప్పేవారిది ఏ పక్షం?

పెళ్ళిలో వడ్డించేవాడు మగపెళ్ళివారి బంతికి నెయ్యి ఎక్కువ పోశాడని ఆడపెళ్ళివారంటారు, కాదు ఆడపెళ్ళివారికే పోశాడని మగపెళ్ళివారంటారు. వడ్డన ఒక్కటే, నిష్ఠూరాలు రెండు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కి టెలివిజన్‌లో కామెంటరీ చెప్పేవారి అవస్థ సరిగ్గా ఇదే.

ఇది మన పిల్లలు కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదండోయ్. కోలగా ఉన్న బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. కాలేజీ కుర్రాళ్ళ ఆటే కదా అనుకునేరు! మిషిగన్‌లోనూ, ఒహాయోలోనూ ఒక్కొక్క స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. శనివారం వచ్చిందంటే ఊరికి ఊరే అక్కడుంటుంది.

ఈ ఆటను మొట్టమొదట టెలివిజన్‌లో చూపించింది 1939 సెప్టెంబరు 30న, న్యూయార్క్‌లో. ఫోర్డమ్, వేన్స్‌బర్గ్ కాలేజీలు ఆడాయి. మైకు ముందు కూర్చున్నవారు బిల్ స్టెర్న్. చూసే ఇళ్ళే బహు కొద్ది గనుక తగువులూ లేవు. తరువాత ఇంటింటా టెలివిజన్ వచ్చేసరికి, జనం స్టేడియాలకు రావటం మానేస్తారేమోనని కాలేజీల క్రీడాసంఘానికి బెంగ పట్టుకుంది. 1950ల నుంచి వారానికి ఇన్ని ఆటలే చూపించాలని కట్టడి పెట్టారు. దాంతో ఏమైందంటే, దేశమంతా ఒకే ఆట, ఒకే గొంతు. ఆ గొంతు ఎటు మొగ్గిందా అని అందరూ చెవులు రిక్కించి వినటం మొదలైంది.

మైకు దగ్గర ఇద్దరుంటారు. ఒకరు జరుగుతున్నది జరుగుతున్నట్టు చెబుతారు. రెండోవారు అలా ఎందుకు జరిగిందో విప్పి చెబుతారు. ఈ రెండోవారు సాధారణంగా ఒకప్పటి ఆటగాడో, శిక్షకుడో అయివుంటారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. లోపలివారు గనుక లోతు తెలుసు. లోపలివారు గనుకే మొహమాటమూ ఉంటుంది.

1978 డిసెంబరు 29 రాత్రి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఏం జరిగిందో చూడండి. ఒహాయో స్టేట్‌కీ, క్లెమ్సన్‌కీ ఆట. ఒహాయో శిక్షకుడు వుడీ హేస్, అరవై అయిదేళ్ళ పెద్దమనిషి, 1951 నుంచీ ఆ జట్టుకి ఆయనే సర్వస్వం. ఆట ఆఖరికొచ్చింది. క్లెమ్సన్ 17, ఒహాయో 15. ఒహాయో కుర్రాడు విసిరిన బంతిని క్లెమ్సన్ ఆటగాడు చార్లీ బౌమన్ మధ్యలో అందుకుని పరిగెత్తి, సరిగ్గా హేస్ నిలబడ్డ గట్టు దగ్గర పడ్డాడు. అతను లేచేసరికి హేస్ పిడికిలి బిగించి ఒక్క గుద్దు గుద్దారు. మనవడి వయసు కుర్రాడు!

టెలివిజన్ ముందు కూర్చున్నవారు అది చూశారు. కామెంటరీ చెబుతున్న కీత్ జాక్సన్, ఆరా పర్షీగియన్‌లు మాత్రం ఆ దెబ్బ మాట ఎత్తలేదు. మర్నాడు హేస్ ఉద్యోగం పోయింది. విమర్శ మాత్రం ఈ ఇద్దరి మీదికీ మళ్ళింది. చూడలేదని జాక్సన్ చెప్పారు. కావచ్చు. మైకు ముందు కూర్చున్నవారి కళ్ళు బంతి వెంటా, స్కోరు వెంటా, చేతిలో కాగితం వెంటా పోతుంటాయి. అంతంత మాత్రం రేడియోలో మాట్లాడే నాకే ఆ తత్తరపాటు తెలుసు. కాని అభిమానులకు ఇంకోటి కూడా తెలుసు. పర్షీగియన్ 1950లో ఇంకో కాలేజీలో ఇదే హేస్ కింద పనిచేశారు. హేస్ ఒహాయోకి వెళ్ళిపోతే ఆయన కుర్చీలో కూర్చున్నదీ ఈయనే. ఇంత సంబంధం పెట్టుకుని నోరు మెదపకపోతే, చూడలేదంటే ఎవరు నమ్ముతారు చెప్పండి? చూడకపోవటం తప్పని నేననను. కాని గురువుగారిని కాచుకున్నారన్న మాట పడవలసి వచ్చింది.

రేడియోలో ఈ పేచీ లేదు. జార్జియా జట్టుకి నలభై ఏళ్ళకు పైగా రేడియో కామెంటరీ చెప్పిన లారీ మన్సన్ దాపరికం లేకుండా "మనం" అనేవారు. అదేం పక్షపాతమని ఎవరూ అడగలేదు, అది మనింటి గొంతు కదా! టెలివిజన్‌లో బొమ్మ పెట్టుకుని, దాని నోరు నొక్కేసి, రేడియో గట్టిగా పెట్టుకునేవారు చాలామంది ఉండేవారు.

1984లో అమెరికా సుప్రీంకోర్టు క్రీడాసంఘం కట్టడి చెల్లదని తీర్పు చెప్పింది. ఆటలు పెరిగాయి, గొంతులు పెరిగాయి. 1991 నుంచి ఎన్.బి.సి. వారు నోటర్ డేమ్ కాలేజీ సొంతగడ్డ మీద ఆడే ఆటలన్నీ చూపించటం మొదలుపెట్టేసరికి, డబ్బిచ్చి కొనుక్కున్న జట్టుని దెప్పుతారా అని మిగతావారు మూతి విరిచారు. ఆ అనుమానం సబబే అంటాను నేను.

దీనికి సరిగ్గా ఎదురు కథ కిర్క్ హెర్బ్‌స్ట్రీట్‌ది. తండ్రి ఒహాయో స్టేట్ కెప్టెన్, ఆ తరువాత హేస్ దగ్గర సహాయకుడు. కొడుకూ 1992లో అదే జట్టుకి కెప్టెన్. తరువాత టెలివిజన్‌లో పేరు తెచ్చుకున్నారు. సొంత జట్టుని వెనకేసుకొస్తాడని పైవారు అనుమానించారంటే అర్థముంది. అలాకాదు, మన ఉప్పు తిని మన ఆటలో లోపాలే ఎంచుతాడని సొంత ఊరివారే ఆయన్ని ఆడిపోసుకున్నారు. భరించలేక 2011లో భార్యాపిల్లలతో కొలంబస్ విడిచి, వేరే రాష్ట్రంలోని నేష్‌విల్‌కి తరలిపోయారు. అభిమానుల పోరే కారణమని తనే చెప్పారు. కామెంటరీ మాత్రం మానలేదు. ఆ తరువాత కూడా ఒహాయో ఆటలకు మైకు ముందు కూర్చుంటూనే వచ్చారు.