తల్లీబిడ్డల మనోవైద్య వార్డు

కాన్పు తర్వాత తీవ్రమైన మానసిక జబ్బు పాలైన బాలింతను, ఆమె పసిబిడ్డతో సహా చేర్చుకుని వైద్యం చేసే ఆస్పత్రి విభాగం. ఇంగ్లండులో 1950లలో రూపుదిద్దుకుంది. భారతదేశంలో మొదటిది 2009లో బెంగళూరు జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ (నిమ్హాన్స్)‌లో ప్రారంభమైంది.

ఇలాంటి వార్డులకు వచ్చే జబ్బుల్లో ప్రధానమైనది ప్రసవానంతర సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. ముందు నిద్ర పట్టదు. తర్వాత మాట తీరు మారుతుంది. బిడ్డను ఎవరో మార్చేశారనో, బిడ్డకు ఏదో కీడు పొంచి ఉందనో తల్లి గట్టిగా నమ్మడం మొదలుపెడుతుంది. వేగంగా ముదిరే జబ్బు ఇది, వైద్యం అందితే బాగా నయమయ్యే జబ్బు కూడా. మన ఊళ్లలో దీన్ని గాలి సోకడంగా భావించి తాయెత్తులు కట్టించడంలోనే విలువైన రోజులు గడిచిపోతుంటాయి.

బాలింతల ఉన్మాదం గురించి వైద్యులు చాలాకాలంగా రాస్తూనే ఉన్నారు. పారిస్ సాల్పెత్రియేర్ ఆస్పత్రిలో పనిచేసిన ఎస్కిరోల్ దీన్ని వర్ణించాడు. ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్టర్ మార్సే 1858లో గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల మానసిక వ్యాధులపై ఏకంగా ఒక గ్రంథమే వెలువరించాడు. అప్పటికి ఆయనకు ముప్పయ్యేళ్లు. ఇంత పరిశీలన జరిగినా పసిబిడ్డ మాత్రం వైద్యుల లెక్కలో లేదు. తల్లి పిచ్చాసుపత్రికి, బిడ్డ బంధువుల ఇంటికో పాలదాది దగ్గరికో వెళ్లడం మామూలు. కోలుకున్న తల్లికి తన బిడ్డే కొత్తగా తోచేది.

ఈ పద్ధతిని ప్రశ్నించే వాతావరణం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడింది. తల్లికి దూరమైన పిల్లల మానసిక స్థితిపై మనోవైద్యుడు జాన్ బౌల్బీ రాసిన నివేదికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ప్రచురించింది. అంతకుముందే, 1948లో, లండన్ శివార్లలోని కాసెల్ ఆస్పత్రిలో థామస్ మెయిన్ తల్లితోపాటు బిడ్డనూ చేర్చుకున్నాడు. క్రమంగా అది అక్కడి పద్ధతిగా మారింది. ఆ అనుభవాన్ని ఆయన 1958లో ‘లాన్సెట్’ పత్రికలో వివరించాడు.

అయితే కాసెల్ రోగులు మాటలతో చికిత్స చేయదగినవాళ్లు. అసలు పరీక్ష ఇంగ్లండులోని బ్యాన్‌స్టెడ్ ఆస్పత్రిలో జరిగింది. స్కిజోఫ్రీనియా ఉన్న తల్లుల చేతికి పసికందును ఇవ్వవచ్చా? 1959లో అక్కడ ప్రత్యేక వార్డు తెరిచిన ఎ.ఎ. బేకర్ బృందం, ఇవ్వవచ్చని, నర్సుల కన్ను ఉంటే తల్లికీ మేలేనని 1961లో రాసింది. ఆ కన్నే ఈ వార్డుకు ఆయువుపట్టు. తల్లి మరీ అస్థిమితంగా ఉన్న రోజుల్లో బిడ్డను సిబ్బందే చూసుకుంటారు. ఆమె నిద్రపోవడానికి వీలుగా రాత్రిళ్లు బిడ్డను వేరే గదిలో ఉంచుతారు. తేరుకునే కొద్దీ పాలివ్వడం, స్నానం చేయించడం, జోకొట్టడం ఒక్కొక్కటిగా ఆమె చేతికి అప్పగిస్తారు. పాలిచ్చే తల్లికి ఏ మందు తగినదో తేల్చడం మరో పెద్ద పని. లిథియం వంటివి పాలలోకి చేరతాయి.

1980లో మార్సే పేరిట అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. దాని వ్యవస్థాపకుల్లో భారత సంతతి మనోవైద్యుడు చన్ని కుమార్ ఒకరు. లండన్ బెత్లెం రాయల్ ఆస్పత్రిలోని తల్లీబిడ్డల వార్డుకు నేడు ఆయన పేరే ఉంది. 1987లో రెండు ముఖ్యమైన పరిశోధనలు వెలువడ్డాయి. ప్రసవానంతర కుంగుబాటును పసిగట్టే పది ప్రశ్నల ఎడిన్‌బరో కొలమానం ఒకటి. ఎడిన్‌బరోలో 54 వేలకు పైగా కాన్పులను పరిశీలించి, బిడ్డ పుట్టిన మొదటి నెలలో సైకోసిస్‌తో ఆస్పత్రి పాలయ్యే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని కెండెల్ బృందం చూపడం రెండోది.

తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ఈ దారిన అమెరికా రాలేదు. ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయంలో 2011లో తెరిచిన ప్రత్యేక వార్డులో కూడా బిడ్డ రాత్రి తల్లి దగ్గర ఉండడు. బ్రిటన్‌లో సైతం ప్రయాణం ఒడిదుడుకులతోనే సాగింది. వేల్స్‌లోని ఒకే ఒక్క వార్డు 2013లో మూతపడితే, మళ్లీ 2021 దాకా అక్కడ మరొకటి రాలేదు. ఈ వార్డులు సాధారణ వార్డుల కంటే ఎంత మేలు? 2022లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనంలో, ఏడాదిలోపు మళ్లీ ఆస్పత్రిలో చేరడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తల్లుల సంతృప్తి మాత్రం ఎక్కువగా ఉంది. ఆ సంతృప్తిని చిన్న విషయంగా తీసేయడం సరికాదు.

భారతదేశపు కథ మరో చోట మొదలవుతుంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రి ఆవరణలో డాక్టర్ విద్యాసాగర్ గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను అక్కడే ఉంచాడు. ఇంటివాళ్లు వెంట ఉండటం మన మనోవైద్యానికి కొత్త కాదన్నమాట. డాక్టర్ ప్రభా చంద్ర ఆధ్వర్యంలో నిమ్హాన్స్ ఐదు పడకలతో వార్డు తెరిచినప్పుడు పాశ్చాత్య నమూనాను యథాతథంగా తీసుకోలేదు. తల్లీబిడ్డలతో పాటు ఇంటి ఆడమనిషి ఒకరు తోడుంటారు. శిక్షణ పొందిన సిబ్బంది కొరతను ఆ తోడు కొంత తీరుస్తుంది. అమ్మమ్మకో నాయనమ్మకో జబ్బు గురించి చెప్పి ఒప్పించే అవకాశమూ దొరుకుతుంది. పుట్టింట పురుడు పోసే ఆచారమున్న చోట ఇది తేలిగ్గా కుదిరే ఏర్పాటు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తల్లీబిడ్డలను కలిపి ఉంచడానికి చట్టబలం ఇచ్చింది. దాని ప్రకారం, వైద్యం పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు హాని ఉందని మనోవైద్యుడు భావిస్తే తాత్కాలికంగా వేరు చేయవచ్చు. అప్పుడు కూడా పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూడవచ్చు. ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి సమీక్షించాలి. ఏకబిగిన 30 రోజులు దాటితే సంబంధిత ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి.